ఇంట్లో లేజర్ ప్రింటర్: పొడి, వేడి, కాగితం

నెలకి పది పేజీలు కూడా ప్రింట్ తీయని ఇంటికి లేజర్ ప్రింటర్ దేనికి, అది ఆఫీసులకి కదా అని చాలామంది అంటారు. నన్నడిగితే తక్కువ వాడే ఇంటికే అది ఎక్కువ నప్పుతుంది. ఇంక్‌జెట్‌లో ఉండేది తడి సిరా. వారాల తరబడి వాడకపోతే నాజిల్స్‌లో గడ్డకట్టుకుపోతుంది, తీరా ఒక్క పేజీ అర్జెంటుగా కావాల్సిన రోజున గీతలు గీతలుగా వస్తుంది, హెడ్ క్లీనింగ్ అని నొక్కితే మిగిలిన సిరా కూడా అదే తాగేస్తుంది. నేను అలా రెండు ఇంక్‌జెట్‌లు ఎండబెట్టుకున్నాక లేజర్‌కి మారాను. దీన్ని మూడు నెలలు ముట్టుకోకుండా వదిలేసి ఆన్ చేసినా మొదటి పేజీ మామూలుగానే వస్తుంది, ఎందుకంటే లోపల ఎండిపోవడానికి తడే లేదు.

లోపల ఏం జరుగుతుందో రెండు నిమిషాలు తెలుసుకుంటే మిగతాదంతా తేలిక. మనం జెరాక్స్ అంటామే, ఇది అదే పద్ధతి. 1938లో చెస్టర్ కార్ల్‌సన్ కనిపెట్టాడు, తర్వాత దానికి జెరోగ్రఫీ అని పేరు పెట్టారు, గ్రీకులో జెరోస్ అంటే పొడిగా ఉన్నది, అంటే పొడి రాత. తెలుగులో ఇది ఇంకా బాగా కుదిరింది, తడి లేనిదీ పొడే, చూర్ణమూ పొడే, ఈ మెషీన్‌లో రెండూ ఉన్నాయి. డ్రమ్ అనే గొట్టానికి మొదట స్థిర విద్యుత్ పట్టిస్తారు, లేజర్ కాంతి అక్షరాలు ఉండాల్సిన చోట ఆ చార్జ్‌ని మారుస్తుంది, టోనర్ పొడి వెళ్లి అక్కడే అంటుకుంటుంది, అక్కడినుంచి కాగితం మీదకి దిగుతుంది. చివర్లో ఫ్యూజర్ అనే వేడి రోలర్ ఆ పొడిని కరిగించి కాగితానికి అతికిస్తుంది. టోనర్ అంటే సిరా కాదు, రంగు కలిపిన మెత్తటి ప్లాస్టిక్ పొడి. ఫ్యూజర్ వేడి దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఈ ముక్క గుర్తుంటే చాలు, కింద నేను చెప్పే జాగ్రత్తల్లో సగం మీకే తడతాయి.

కొనేముందు

రంగు ప్రింట్లు నిజంగా కావాలా అని ముందు మిమ్మల్ని మీరే అడగండి. కలర్ లేజర్‌లో నాలుగు టోనర్లు ఉంటాయి, మెషీన్ పెద్దది, బరువు, ఖర్చు కూడా నాలుగింతల వ్యవహారమే, అంతా చేసి ఫొటోలు మాత్రం అంత గొప్పగా రావు. ఇంటికి బ్లాక్ అండ్ వైట్ చాలు అన్నది నా అభిప్రాయం, ఎప్పుడో ఒక కలర్ పేజీ కావాలంటే బయట తీయించుకోవచ్చు. (కలర్ లేజర్లలో చాలావాటికి ఇంకో సంగతి ఉంది, ప్రతి పేజీ మీద కంటికి ఆనని పసుపు చుక్కలు వేస్తాయి, ఏ మెషీన్‌లో తీశారో వాటినిబట్టి పట్టుకోవచ్చు.)

స్కానర్ ఉన్నది తీసుకోవాలా, ఉత్త ప్రింటరే చాలా అన్నది మీ అవసరం. గుర్తింపు కార్డు రెండు వైపులూ ఒకే పేజీ మీద కాపీ తీసే ఐడీ కాపీ బటన్ ఉంటే మాత్రం దాన్ని మీరు అనుకున్నదానికంటే ఎక్కువ వాడతారు. డ్యూప్లెక్స్, అంటే రెండు వైపులా తనంతట తానే ప్రింట్ తీయడం, ఉంటే వదలకండి, కాగితం సగం మిగులుతుంది.

మెషీన్ ధర చూసి మోసపోకండి, చూడాల్సింది టోనర్ ధర. టోనర్ ధరని అది ఇచ్చే పేజీల సంఖ్యతో భాగించండి, డ్రమ్ వేరుగా వచ్చే మోడల్ అయితే డ్రమ్ లెక్క కూడా కలపండి. కొన్ని మోడళ్లలో టోనర్, డ్రమ్ ఒకే డబ్బాలో ఉంటాయి, మార్చిన ప్రతిసారీ రెండూ కొత్తవే, కానీ కార్ట్రిడ్జ్ ఖరీదు. కొన్నింట్లో డ్రమ్ వేరు, నాలుగైదు టోనర్లకి ఒకసారో ఇంకా ఆలస్యంగానో మారుస్తారు. రెండింట్లో ఏది గొప్పదంటే నేను చెప్పలేను, లెక్క వేసుకోవడమే. ఇంకో మాట, కొత్త మెషీన్‌తో పాటు వచ్చే టోనర్ చాలాసార్లు నిండుగా ఉండదు, స్టార్టర్ అంటారు, త్వరగా అయిపోతే మెషీన్ ఎక్కువ తాగుతోందని కంగారుపడకండి.

పెట్టె మీద వెయ్యి పేజీలు అని రాస్తారు చూశారా, బ్లాక్ టోనర్‌కి ఆ లెక్క ఐఎస్ఓ 19752 అనే ప్రమాణం ప్రకారం వేస్తారు, అందులో పేజీ మీద సుమారు 5 శాతం మేర మాత్రమే నలుపు ఉంటుంది. ఏ4 కాగితం మీద 5 శాతం అంటే అయిదున్నర సెంటీమీటర్ల చదరం కంటే కాస్త పెద్ద మచ్చ, అంతే. పిల్లల డ్రాయింగ్ షీట్లు, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఉన్న స్లైడ్లు ప్రింట్ తీస్తే ఆ వెయ్యి ఎక్కడికి పోతుందో మీరే ఊహించుకోండి.

ఎక్కడ పెట్టాలి, దేనికి గుచ్చాలి

ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఈ చిన్న మెషీనే కొన్ని వందల వాట్లు లాగుతుంది, కొన్ని మోడళ్లు 1,000 వాట్ల దాకా పోతాయి, ఒక్క క్షణం గదిలో లైటు మినుకుమనడం చాలా ఇళ్లలో మామూలే. అందుకే కంప్యూటర్‌కి పెట్టుకున్న యూపీఎస్‌కి దీన్ని తగిలించకండి. నేను మొదట్లో తగిలించాను, ప్రింట్ కొట్టగానే యూపీఎస్ కీ మని అరిచి ఆగిపోయింది, కంప్యూటర్‌లో రాస్తున్న ఫైలు కూడా దానితోనే పోయింది. నేరుగా గోడ ప్లగ్‌కి పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ తప్పదంటే మంచిది వాడండి, అదే బాక్స్‌లో ఇస్త్రీపెట్టె, హీటర్ లాంటివి ఉండకూడదు.

ఎండ పడే కిటికీ పక్కన వద్దు, డ్రమ్‌కి వెలుగు శత్రువు. ఏసీ గాలి సూటిగా తగిలే చోటు, తేమ పట్టే గోడ పక్క కూడా వద్దు. వెనక, పక్కల ఒక జానెడు ఖాళీ వదలండి. బల్ల గట్టిగా ఉండాలి, ఊగే స్టూలు మీద ఏడెనిమిది కిలోల మెషీన్ పెట్టి కాగితం సరిగ్గా లాగలేదని తిట్టుకోవడం న్యాయం కాదు.

పెట్టె తెరిచాక రంగు టేపులన్నీ పీకండి, లోపలివి కూడా. కొన్ని కార్ట్రిడ్జ్‌లకి పక్కనుంచి లాగాల్సిన పొడుగాటి సీల్ ఉంటుంది, అది తీయకుండా పెట్టేస్తే పేజీలు తెల్లగా వస్తాయి, కొత్త ప్రింటర్ పాడైందని తిరిగి పంపేవాళ్లలో కొందరి సమస్య ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

వైఫై తలనొప్పి

నిజం చెప్పాలంటే ప్రింటర్ పనిచేయట్లేదు అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ప్రింటర్‌తో సంబంధం ఉండదు, నెట్‌వర్క్‌తో ఉంటుంది. చాలా చిన్న ప్రింటర్లకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. మీ రౌటర్‌లో 2.4, 5 రెండూ వేర్వేరు పేర్లతో ఉంటే ప్రింటర్‌ని 2.4 దానికి కలపండి. రెండూ ఒకే పేరుతో ఉండి సెటప్ మధ్యలో ఆగిపోతుంటే, 5 గిగాహెర్ట్జ్‌ని కాసేపు ఆపేసి సెటప్ పూర్తిచేసి మళ్లీ ఆన్ చేసుకోండి. గెస్ట్ నెట్‌వర్క్‌కి మాత్రం కలపకండి, అందులో ఒక పరికరానికి ఇంకోటి కనిపించదు.

కలిసింది కదా అని అక్కడే వదిలేయకండి. ప్రింటర్ మెనూలోంచి నెట్‌వర్క్ రిపోర్ట్ అనే పేజీ ప్రింట్ తీయండి, అందులో ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ని గుర్తుపట్టే నంబర్, ఉంటుంది. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ అడ్రస్‌ని ప్రింటర్‌కే రిజర్వ్ చేయండి. ఇది చేయకపోతే ఎప్పుడో కరెంటు పోయి వచ్చాక రౌటర్ దానికి వేరే నంబర్ ఇస్తుంది, కంప్యూటర్ పాత నంబర్ దగ్గరే వెతుకుతూ ఆఫ్‌లైన్ అంటుంది, మీరు డ్రైవర్ (కంప్యూటర్‌లో ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేస్తూ ఆదివారం గడిపేస్తారు. విండోస్‌లో దానంతట అదే కనుక్కున్న ప్రింటర్ మాటిమాటికీ ఆఫ్‌లైన్ అంటుంటే, దాన్ని తీసేసి టీసీపీ ఐపీ అడ్రస్ ద్వారా చేర్చే ఆప్షన్‌లో ఆ నంబర్ కొట్టి చేర్చండి, మా ఇంట్లో ఆ గోల ఆ రోజుతో ఆగిపోయింది. పనిలోపనిగా అదే నంబర్‌ని బ్రౌజర్‌లో కొడితే ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంటుంది, అందులో టోనర్ ఎంత ఉందో, ఎన్ని పేజీలు తీశారో కనిపిస్తాయి. అక్కడి డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చేయండి.

ఫోన్ నుంచి అయితే ఐఫోన్‌కి ఎయిర్‌ప్రింట్, ఆండ్రాయిడ్‌కి మోప్రియా, ఈ రెండూ ఉన్న మోడల్ అయితే కంపెనీ యాప్ లేకుండానే పని జరుగుతుంది. పాత మోడల్ కొంటుంటే ఒక జాగ్రత్త, పెట్టె మీద గూగుల్ క్లౌడ్ ప్రింట్ అని రాసి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఆ సర్వీసు 2020 చివరితో ఆగిపోయింది. ఇవన్నీ విసుగనిపిస్తే యూఎస్‌బీ కేబుల్ ఉంది, దాన్ని వాడటం నామోషీ ఏమీ కాదు.

ప్రింట్ కొట్టాక ఏమీ రాకపోతే మళ్లీ మళ్లీ కొట్టకండి. క్యూలో ఒకటి ఇరుక్కుంటే దాని వెనక మీరు కొట్టిన పదీ నిలబడి ఉంటాయి, అది కదలగానే అన్నీ వరసగా బయటికొస్తాయి. క్యూ తెరిచి అన్నీ రద్దు చేయండి, విండోస్‌లో అవి పోకపోతే సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ని రీస్టార్ట్ చేయండి.

కాగితం, అసలు కథ ఇక్కడే

టోనర్ గురించి అందరూ ఆలోచిస్తారు, కాగితం గురించి ఎవరూ ఆలోచించరు. జామ్ అవడం, చుట్టుకుపోవడం, రెండేసి రావడం, అక్షరాలు అక్కడక్కడా వెలిసిపోవడం, వీటిలో ఎక్కువ భాగం కాగితం చేసే పనే, అందులోనూ కాగితంలోని తేమ చేసే పని. ఎలాగంటే, టోనర్ పొడి అనేది కాగితం మీదకి దిగేది స్థిర విద్యుత్ వల్ల కదా, చెమ్మ పట్టిన కాగితంలో ఆ చార్జ్ నిలవదు, పొడి సరిగ్గా దిగదు. పైగా ఆ కాగితం అంత వేడి రోలర్ కింద నలిగితే నీరు ఆవిరై కాగితం గొట్టంలా చుట్టుకుంటుంది. వానాకాలంలో ఒకసారి మా ప్రింటర్ వెనకనుంచి పొగ వస్తోందని ఇంట్లోవాళ్లు కేకలేసి ప్లగ్ పీకేశారు, తీరా చూస్తే అది పొగ కాదు, వారం రోజులుగా ట్రేలో పడి ఉన్న కాగితాల్లోంచి వచ్చిన ఆవిరి. (కాలిన వాసన వస్తే మాత్రం ప్లగ్ పీకడమే సరైన పని.)

కాబట్టి రీమ్ విప్పాక మిగిలినవి ఆ కవర్లోనే పెట్టి మూతి మడిచి, నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉంచండి. ట్రేలో ఆ వారానికి సరిపడా వేస్తే చాలు. వేసేముందు కట్టని రెండు చేతులతో పట్టుకుని అంచులు విసనకర్రలా విప్పి, బల్ల మీద తట్టి సమానం చేసి పెట్టండి. పక్కన ఉండే గైడ్లు కాగితానికి ఆనాలి, నొక్కకూడదు. గరిష్ఠ గీత దాటి కుక్కకండి. కాగితం చుట్టుకుంటూ వస్తుంటే కట్టని తిరగేసి వేసి చూడండి, చాలా రీముల మీద ముందు ఏ వైపు ప్రింట్ తీయాలో బాణం గుర్తు ఉంటుంది.

కాగితం మందాన్ని జీఎస్ఎంలో చెప్తారు, చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అని. మామూలు పనికి 70 నుంచి 80 దాకా బాగుంటుంది. 80 జీఎస్ఎం ఏ4 కాగితం ఒకటి 5 గ్రాములు తూగుతుంది, 500 ఉన్న రీమ్ రెండున్నర కిలోలు, చేత్తో ఎత్తితేనే తేడా తెలుస్తుంది. మందం కాగితమో ఎన్వలప్పో వేస్తే డ్రైవర్‌లో పేపర్ టైప్ కూడా మార్చండి, అప్పుడు ఫ్యూజర్ దానికి తగ్గట్టు వేడి, వేగం సర్దుకుంటుంది. మార్చకపోతే పొడి సరిగ్గా అతకదు, వేలితో రుద్దితే రాలిపోతుంది. ఎన్వలప్పులకి వెనక తలుపు తెరిచి సూటిగా బయటికి వచ్చే దారి ఉన్న మోడళ్లలో ఆ దారే వాడండి, ముడతలు తగ్గుతాయి.

వేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఇంక్‌జెట్ ఫొటో పేపర్ అసలు వేయకండి, దాని మీది పూత ఫ్యూజర్‌లో కరిగి రోలర్‌కి పట్టుకుంటుంది. మామూలు ప్లాస్టిక్ షీట్లూ అంతే, పైన లేజర్ అని రాసి ఉంటేనే వేయాలి. స్టిక్కర్ లేబుళ్లు కూడా లేజర్‌వే తీసుకోండి, సగం పీకేసిన షీట్‌ని మళ్లీ పెట్టకండి, బయటపడిన జిగురు లోపల అంటుకుంటుంది. స్టేప్లర్ పిన్ను ఉన్న కాగితం గురించి వేరే చెప్పాలా. ఒకవైపు వాడేసిన కాగితాలు వేయొచ్చా అంటే నేనైతే వేస్తాను, కానీ నలగనివి, మడత పడనివి, ఇంక్‌జెట్‌లో తీయనివి మాత్రమే ఏరి, చదును చేసి వేస్తాను. అప్పుడే బయటికొచ్చిన వేడి కాగితాన్ని వెంటనే రెండో వైపుకి పెట్టకండి, చల్లారనివ్వండి.

తెలుగు ప్రింట్ తీసేటప్పుడు

టోనర్ సేవ్ మోడ్ ఇంగ్లిష్ డ్రాఫ్టులకి బాగానే పనికొస్తుంది, తెలుగుకి చిన్న సైజులో ఇబ్బందే. పొడి తగ్గగానే ముందు పలచబడేవి ఒత్తులు, సున్నాలు, తలకట్లు. 10 పాయింట్ల కంటే చిన్న అక్షరాలకి ఆ మోడ్ ఆపేసి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి. అతి పలచటి ఫాంట్ కాకుండా కాస్త ఒళ్లున్న ఫాంట్ ఎంచుకుంటే ఇంకా నయం.

వేరేవాళ్లు పంపిన తెలుగు ఫైల్ మీ కంప్యూటర్‌లో గడులుగానో పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగానో కనిపిస్తే అది ప్రింటర్ తప్పు కాదు, ఆ ఫాంట్ మీ దగ్గర లేదు. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్లకి ఈ బాధ ఎక్కువ. వాళ్లనే పీడీఎఫ్ చేసి పంపమనండి. పీడీఎఫ్ తెర మీద బాగుండి కాగితం మీద మాత్రం ఒత్తులు విడిపోతే, అడోబ్ రీడర్ ప్రింట్ విండోలో అడ్వాన్స్‌డ్ లోపల ప్రింట్ యాజ్ ఇమేజ్ అని ఉంటుంది, అది టిక్ చేయండి. కాస్త నెమ్మదిగా వస్తుంది, కానీ తెర మీద ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

పేజీ సైజు కూడా ఓసారి చూసుకోండి. డ్రైవర్‌లో లెటర్ అని ఉండి ట్రేలో ఏ4 ఉంటే కొన్ని ప్రింటర్లు లైటు మిణుకుమిణుకుమనిపిస్తూ అలాగే కూర్చుంటాయి. లెటర్ 216 బై 279 మిల్లీమీటర్లు, ఏ4 210 బై 297, దగ్గరదగ్గరగా ఉన్నా రెండూ ఒకటి కాదు. ఫారాలు, కొలతలున్న కాగితాలు తీసేటప్పుడు ఫిట్ బదులు యాక్చువల్ సైజ్ పెట్టండి.

టోనర్ అయిపోయింది అంటే అయిపోయినట్టు కాదు

టోనర్ తగ్గింది (Toner Low) అనే హెచ్చరిక వచ్చిన రోజే కొత్తది పెట్టేయకండి. తెచ్చి పక్కన ఉంచుకోండి, కానీ అక్షరాలు నిజంగా వెలిసిపోయేదాకా పాతదే వాడండి, చాలా మోడళ్లలో కంటిన్యూ అనే సెట్టింగ్ ఉంటుంది. వెలిసినప్పుడు కూడా ముందు కార్ట్రిడ్జ్ బయటికి తీసి, అడ్డంగా పట్టుకుని అటూ ఇటూ నెమ్మదిగా అయిదారుసార్లు ఊపండి, ఒక మూలకి చేరిన పొడి సర్దుకుని ఇంకొన్ని పేజీలు వస్తాయి. ఊపేటప్పుడు డ్రమ్‌ని వేలితో తాకకండి, వేలిముద్ర పడితే అది ప్రతి పేజీ మీదా కనిపిస్తుంది. బయట ఉన్నంతసేపూ దాని మీద ఒక గుడ్డో మందపాటి కాగితమో కప్పండి.

రీఫిల్ చేసినవి, కంపాటిబుల్ (వేరే కంపెనీలు చేసిన) టోనర్లు వాడొచ్చా? నేను వాడాను, కొన్ని బాగున్నాయి, ఒకటి మాత్రం లోపలంతా పొడి కార్చింది. కొన్ని కంపెనీలు కార్ట్రిడ్జ్‌లో చిప్ పెట్టి, ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో బయటి టోనర్లని ఆపేస్తాయి, కొనేముందే ఆ మోడల్ సంగతి కనుక్కోండి.

పొడి ఒలికితే తడి గుడ్డ తీసుకుని పరిగెత్తకండి, మామూలు వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, అంత సన్నటి పొడి దాని ఫిల్టర్‌లో ఆగకుండా వెనకనుంచి గదంతా చిమ్ముతుంది. ముందు పొడి గుడ్డతోనో టిష్యూతోనో నెమ్మదిగా ఎత్తేయండి. చేతులు, బట్టలు చన్నీళ్లతోనే కడగండి. వేడినీళ్లు పోస్తే ఆ ప్లాస్టిక్ మెత్తబడి బట్టకి ఇంకా పట్టుకుంటుంది.

మచ్చలు, గీతలు, జామ్‌లు

పేజీలో ఒకే మచ్చ సమాన దూరాల్లో మళ్లీ మళ్లీ పడుతుంటే స్కేలు తీసుకుని ఆ దూరం కొలవండి. ఏదో ఒక గుండ్రటి భాగం మీద మురికి ఉంది, అది ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ముద్ర వేస్తోంది, ఆ దూరమే దాని చుట్టుకొలత. 24 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ అయితే సుమారు 75, 30 అయితే సుమారు 94 మిల్లీమీటర్లకి ఒకసారి పడుతుంది. ఏ దూరానికి ఏ భాగమో చాలా మోడళ్ల మాన్యువల్‌లో ఉంటుంది. నిలువుగా నల్ల గీత వస్తే డ్రమ్ గీసుకుపోయిందేమో, లేదా కరోనా వైర్ (డ్రమ్‌కి చార్జ్ పట్టించే సన్నటి తీగ) మురికైందేమో చూడండి, ఆ వైర్ ఉన్న డ్రమ్ యూనిట్లకి పైన ఒక చిన్న మీట ఉంటుంది, దాన్ని ఈ చివరినుంచి ఆ చివరికి కొన్నిసార్లు జరిపి, మళ్లీ మొదటి చోటికి తెచ్చి వదలాలి. తెచ్చి వదలకపోతే ఇంకో గీత మొదలవుతుంది. నిలువుగా తెల్ల గీత అంటే లేజర్ దారిలో ఏదో అడ్డుంది, లేదా ఆ చోట టోనర్ సరిగ్గా రావట్లేదు.

కాగితం ఇరుక్కుంటే ముందు ఆఫ్ చేయండి. ఫ్యూజర్ దగ్గర ఇరుక్కుంటే పది పదిహేను నిమిషాలు ఆగండి, చెయ్యి కాలుతుంది. కార్ట్రిడ్జ్ తీసి, కాగితాన్ని రెండు చేతులతో, వీలైతే అది వెళ్లే దిశలోనే, నిదానంగా లాగండి. చిరిగితే ముక్కలన్నీ బల్ల మీద పేర్చి ఏదైనా లోపల ఉండిపోయిందేమో చూసుకోండి, గోరంత ముక్క మిగిలినా జామ్ మెసేజ్ పోదు. మాటిమాటికీ కాగితం అందుకోలేకపోతుంటే ట్రే పైన ఉండే రబ్బరు రోలర్ దుమ్ము పట్టి నున్నగా అయిపోయి ఉంటుంది, మెషీన్ ఆఫ్‌లో ఉండగా నూలు రాలని గుడ్డని నీళ్లలో ముంచి గట్టిగా పిండి దాన్ని తుడిచి, ఆరాక పెట్టండి. నేను ఏడాదిగా పడుతున్న బాధ ఆ ఒక్క తుడుపుతో పోయింది.

తీసిన ప్రింట్లు దాచుకునేటప్పుడు కూడా ఆ పొడి ప్లాస్టిక్ అని మరిచిపోకండి. సర్టిఫికెట్ కాపీల్లాంటివి మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే అక్షరాలు కవర్‌కి అతుక్కుని దానితో పాటే ఊడొస్తాయి. పాలీప్రొపిలీన్ ఫోల్డర్లు వాడండి, అదీ లేకపోతే మధ్యలో ఒక తెల్ల కాగితం పెట్టండి.

ఇల్లు మారేటప్పుడు కార్ట్రిడ్జ్ బయటికి తీసి, వెలుగు తగలకుండా నల్ల కవర్లో చుట్టి వేరుగా తీసుకెళ్లండి. లోపలే వదిలేసి ప్రింటర్‌ని పక్కకి పడుకోబెట్టి తెస్తే కొత్తింట్లో మొదటి రోజు పొడి ఎత్తడంతోనే సరిపోతుంది.